మూడు గేట్ల దిగుడు

ముందు వాసన వస్తుంది.

తడిసిన నాచు వాసన. నల్లమట్టి వాసన. చలికాలమంతా నీళ్ళల్లో నానిన పొట్టి పొదలు మొదటి ఎండకు వదిలే వాసన. కొండ మీద ఒక్క చెట్టు లేదు. గాలికి అడ్డం ఏమీ లేదు. పొద్దున్నే అది బీడంతా తిరిగి, ఊళ్ళోకి దిగి, నా గది కిటికీ రెక్కను రెండుసార్లు కొట్టి పోతుంది.

లే, అన్నట్టు.

ఏటా లేచేదాన్ని. సైకిలు తీసేదాన్ని. చలి పోయిన మొదటి వారంలో ఆరు దారులూ తిరిగొచ్చేదాన్ని.

ఈ ఏడు గాలి కొట్టింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

దారులు రాయడం నా పని.

మా ఊరి చుట్టూ కొండలు. కొండల మీద బీడు. బీడులో దారులు — గొర్రెలు వేసినవి కొన్ని, రాయి కొట్టేవాళ్ళు వేసినవి కొన్ని, ఎవరు వేశారో ఎవరికీ తెలియనివి కొన్ని. రాతి గని మూతపడ్డాక ఊరికి మిగిలినవి ఆ దారులే. వాటి కోసం ఎక్కడెక్కడి నుంచో మనుషులు సైకిళ్ళతో వస్తారు. వాళ్ళకు నేను చీటీ ఇస్తాను. ఆరు దారులకు ఆరు చీటీలు. అరచేయంత అట్ట. ఎక్కడ ఎడమకు తిరగాలి, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ ఊబి, ఎవరి కుక్క ఊరికే మొరుగుతుంది, ఎవరి కుక్క నిజంగా కరుస్తుంది.

కింద కొట్టు అన్నయ్యది. సైకిళ్ళు బాగుచేస్తాడు. పైన నాలుగు గదులు వదినవి. వచ్చినవాళ్ళు అక్కడ ఉంటారు. మెట్ల కింద బల్ల నాది.

నలభై ఏడేళ్ళొచ్చినా అన్నయ్యకు నేను చిన్నీనే. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుని ఉంటే ఈ కొండలు ఎవరు తిరిగేవారు అని నేనే అంటాను, ఎవరూ అడక్కముందే.

నేను తొక్కని దారి రాయను.

చీటీ చేతిలో పెడుతూ ఆ మాట చెప్పేదాన్ని. గడ్డం కాస్త పైకెత్తి మరీ చెప్పేదాన్ని. వెనక నుంచి వదిన అందుకునేది — "మా ఆడపడుచు లెక్క తప్పదండీ. తేడా ఉంటే కొండే తప్పు." వచ్చినవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం నిజమే కదా అనుకునేదాన్ని.

అలా అనుకున్న మనిషిని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నాలుగో దారిలో మూడు గేట్లు ఉండేవి.

కొండ నెత్తి మీద ఒకటి. దిగుడు మధ్యలో ఒకటి. కింద, రాతిగోడ దగ్గర దారి మెలిక తిరిగేచోట ఒకటి. గొర్రెలాయన గేట్లు. మంద చెదరకుండా మా నాన్న కాలంలోనే వాళ్ళ నాన్న పెట్టించాడు. ఇనుపవి. తెరిస్తే కీచుమని ఊరంతా వినపడేవి.

కిందటేడు వేసవి చివర గొర్రెలాయన మంద అమ్మేశాడు. మోకాళ్ళు పోయాయి. ఇక కొండ ఎక్కలేనన్నాడు. గేట్లు ఊడదీయించి ట్రాక్టరు మీద వేయించాడు. అవి మా కొట్టు ముందు నుంచే పోయాయి — ఒకదాని మీద ఒకటి, గడగడమంటూ.

అన్నయ్య స్పానరు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. "ఒక పని అయిపోయింది," అన్నాడు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. నాలుగో చీటీ తీశాను. స్కేలు పెట్టాను. ఒక వాక్యం కొట్టేశాను.

మూడు గేట్లున్నాయి, దిగి తీసి, దాటాక మళ్ళీ వేయండి — ఇది కొట్టేసిన వాక్యం.

ఇక్కడి నుంచి దిగుడు, తేలిక, కాళ్ళకు విశ్రాంతి — ఇది ఉంచిన వాక్యం.

వారం తిరక్కుండా పట్నం నుంచి కొత్త అట్టలు అచ్చయి వచ్చాయి. లేని గేటు చీటీలో ఒక్క రోజు కూడా ఉండకూడదు అన్నాను. వదిన మూతి తిప్పింది. నాకు గర్వంగా ఉంది. ఆ గీత స్కేలుతో ఎంత తిన్నగా గీశానో కూడా గుర్తుంది.

ఆయన ఆకులు రాలే కాలంలో వచ్చాడు.

లెక్కల మాస్టారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడుకు తాడు కట్టుకుని. వదిన మొదటి రోజే పేరు పెట్టింది — నిదానం మాస్టారు. రొట్టె ముక్కను నాలుగు చేసేవాడు. ఒక్కోదాన్నీ నమిలి, ఆగి, కిటికీలోంచి కొండను చూసి, అప్పుడు రెండోది. "ఈయన పొద్దుటి తిండి ముగించేసరికి మన మధ్యాహ్నం భోజనాలవుతాయి," అనేది వదిన. ఆయనకు వినపడేది. సిగ్గుపడి నవ్వేవాడు. తొందరపడేవాడు కాదు.

రెండో రోజు అన్నయ్య దగ్గర సైకిలుకు కొత్త బ్రేకు రబ్బర్లు వేయించుకున్నాడు. ముందు రెండు, వెనక రెండు. పాతవి ఇంకా ఆర్నెల్లు వస్తాయని అన్నయ్య చెప్పినా వినలేదు. పక్కనే నిలబడి వేయించుకున్నాడు. వీధిలో ఇటు నుంచి అటు రెండుసార్లు తొక్కి, బ్రేకు నొక్కి చూసుకున్నాడు.

ఆ తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆరింట్లో తేలికైనది ఏదండీ?" అన్నాడు. "రెండేళ్ళ కింద ఒకసారి పడ్డాను. అప్పటి నుంచి మా అమ్మాయి భయపడుతోంది. స్పీడుగా వెళ్ళనని మాట తీసుకుని గానీ పంపలేదు."

"ఎంత అమ్మాయండీ?"

"పద్నాలుగు. ఇంట్లో పెద్ద అదే," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ముఖం వెలిగింది.

నాలుగోది తీసుకోండి, అన్నాను.

చీటీ ఇచ్చాను. నేను తొక్కని దారి రాయనని కూడా చెప్పాను. ఆయన దాన్ని తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, హ్యాండిల్‌కు కట్టుకున్నాడు. వెళ్ళొస్తానని వదినకు చెప్పాడు, అన్నయ్యకు చెప్పాడు, నాకు చెప్పాడు. ముగ్గురికీ విడివిడిగా.

మధ్యాహ్నానికి బీడు మీద మంచు దిగింది.

మూడు గంటలకు గొర్రెలాయన కర్ర పోటేసుకుంటూ కొట్టు దగ్గరికి వచ్చాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు. కర్రతో కొండ వైపు చూపించాడు.

"కింద, మెలిక దగ్గర," అన్నాడు. "రాతిగోడకు కొట్టుకున్నాడు."

మేం కింది రోడ్డు మీదుగా వెళ్ళాం. అన్నయ్య, నేను, జీపులో కానిస్టేబులు. మంచులో పది అడుగులు కనపడటం లేదు. గోడ కనిపించింది. సైకిలు కనిపించింది. ఆయన మీద గొర్రెలాయన తన దుప్పటి కప్పి వచ్చాడు.

కానిస్టేబులు కొండ వైపు చూశాడు. తెల్లగా ఉంది. ఏమీ లేదు. నా వైపు తిరిగాడు.

"దారుల సంగతి మీకే తెలుసు. ఎలాంటి దిగుడు ఇది?"

"తేలిక," అన్నాను. "చిన్నపిల్లలు కూడా దిగుతారు."

ఆయన రాసుకున్నాడు. అతివేగం వల్ల అదుపు తప్పి, అని. ఒక్క మాట. నా నోటి నుంచి వెళ్ళి, ఆ కాగితం మీద కూర్చుంది.

మర్నాడు అన్నయ్య నన్ను కొట్టు వెనక గదిలోకి పిలిచాడు.

సైకిలు బల్ల మీద తిరగేసి ఉంది. ముందు చక్రం వంకరపోయింది. అన్నయ్య దాన్ని చూడటం లేదు. బ్రేకులు చూస్తున్నాడు.

"రబ్బర్లు లేవే చిన్నీ."

నేను వంగి చూశాను. నాలుగింటికి నాలుగూ లేవు. నల్లటి పొడి మాత్రం అంటుకుని ఉంది. ఇనుము రిమ్మును కోసింది. వేలు పెడితే గాడి తగులుతోంది.

"మొన్న నేను వేసినవి," అన్నాడు. "కొత్తవి."

"పొద్దున్నుంచీ నొక్కుతూనే తొక్కి ఉంటాడు. భయస్తుడు కదా."

"ఎంత నొక్కితే ఇలా అవుతాయి?"

"నాకేం తెలుసు? ఆ దిగుడులో బ్రేకు పనే లేదు."

అన్నయ్య నన్ను చూశాడు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నాకు సైకిలు నేర్పినవాడు. ఆ చూపును నేను తప్పించుకున్నాను. ఆయన టార్పాలిను తెచ్చి సైకిలు మీద కప్పాడు. గుమ్మంలో వదిన నిలబడి ఉంది. అంతా విన్నది.

"పోయినాయన ఎలాగూ తిరిగిరాడు," అంది. గొంతులో ఎగతాళి లేదు. "ఊరికి ఉన్నవే ఆ దారులు."

ముగ్గురం బయటికి వచ్చాం. అన్నయ్య తలుపు వేశాడు.

చలికాలం వచ్చింది. వాన. మంచు. వాన. భోజనాల దగ్గర వదిన కూర వడ్డిస్తూ ఏదో ఒకటి మాట్లాడేది. మేం ఊకొట్టేవాళ్ళం. వెనక గదిలోకి ఎవరూ వెళ్ళలేదు. అక్కడ ఉండే గాలి పంపు అవసరమైతే అన్నయ్య పక్క వీధి నుంచి అరువు తెచ్చుకున్నాడు.

నేను మాత్రం నాకు నేను చెప్పుకునేదాన్ని. తేలిక దిగుడు. ముప్పై ఏళ్ళుగా తెలిసిన దిగుడు. నాకు తెలియదా?

నాకు తెలియదా...

ఆమె నిన్న వచ్చింది. నిదానం మాస్టారి భార్య.

చిన్న మనిషి. చేతిలో ఒక్క సంచి. బస్సు దిగి, ఎవరినీ అడక్కుండా, సైకిళ్ళు కనిపించిన గుమ్మం ముందు ఆగింది. తానెవరో చెప్పింది. అన్నయ్య చేతిలోని చైను కింద పడిపోయింది.

సైకిలు తీసుకెళ్ళడానికి వచ్చానంది. అన్నయ్య వెనక గది తాళం కోసం వెతకడం మొదలుపెట్టాడు. తాళం ఆయన మొలలోనే ఉంది. వెతుకుతూనే ఉన్నాడు.

"ఇప్పుడే వద్దులెండి," అంది ఆమె. "వెళ్ళేటప్పుడు."

వదిన కూర్చోబెట్టింది. వేడిగా తాగడానికి ఇచ్చింది. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగలేదు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. మాతో కాదు, గ్లాసుతో మాట్లాడినట్టు.

"మా అమ్మాయి వాళ్ళ నాన్న ఫోటో బోర్లా పెట్టేసిందండీ. నేను నిలబెడతాను, అది మళ్ళీ బోర్లా పెడుతుంది. నాకు మాటిచ్చి వెళ్ళాడు, అబద్ధాలకోరు, అంటుంది. స్పీడుగా వెళ్ళాడని పోలీసు కాగితంలో ఉంది కదా. చదువుకుంది. ఏమని చెప్పను?"

అన్నయ్య కింద పడ్డ చైను తీసి తుడవసాగాడు.

"నాకూ ఏడుపు రావడం లేదు. కోపమొస్తోంది. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆ మనిషి తొందరపడి ఒక్క పని చెయ్యలేదు. పోయి పోయి అక్కడే తొందరపడ్డాడా?"

గ్లాసు కింద పెట్టింది. నన్ను చూసింది.

"ఆ దారి చూపిస్తారా? అంత తేలికైన చోట కూడా ఆగలేకపోయాడా, ఒకసారి చూడాలి నాకు."

పొద్దున్నే బయల్దేరాం.

అన్నయ్య రెండు సైకిళ్ళు సిద్ధం చేశాడు. బ్రేకులు నొక్కి చూశాడు. మళ్ళీ చూశాడు. నాతో ఏదో అనబోయి, హ్యాండిల్ తుడిచి ఇచ్చాడు.

ఆమెకు చిన్నప్పుడు వచ్చిన తొక్కుడు. మొదట తడబడింది. ఊరు దాటేసరికి కుదురుకుంది. ఎత్తు వచ్చినచోట దిగి నడిపించింది. నేనూ దిగాను. రెండు చైన్ల చప్పుడు, మా ఊపిరి చప్పుడు, గాలి.

బీడు మీదికి వచ్చాం.

ఎటు చూసినా పొట్టి పొదలు, చలికి కమిలి గోధుమరంగైనవి. మధ్యమధ్య నల్లటి నీటి గుంటలు. గుంటల్లో ఆకాశం. ఒక పిట్ట లేచి, అరిచి, ముందుకు పోయి మళ్ళీ కూర్చుంటోంది. మేం దగ్గరికి వెళితే మళ్ళీ లేస్తోంది. నాకు ప్రతి రాయీ తెలుసు. ఇక్కడ ఎడమ. ఇక్కడ నీళ్ళు. ఇక్కడ ఊబి, గట్టు మీదే ఉండాలి. చీటీ చూడకుండా చెబుతూ పోయాను. ఆమె తల ఊపుతూ వచ్చింది.

ఇంత తెలిసినదాన్ని కదా, అనుకున్నాను. కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

కొండ నెత్తికి చేరాం. గేటు ఉండే చోట రెండు రాతి స్తంభాలు మిగిలాయి. వాటికి తుప్పు మరకలు. మధ్యలో ఖాళీ. దారి ఆ ఖాళీలోంచి నున్నగా, వాలుగా, అమాయకంగా కిందికి పోతోంది.

నేను సైకిలు దిగాను.

ఆమె వెనక నుంచి వచ్చి ఆగింది.

"ఎందుకు దిగారు?"

"గేటు..." అన్నాను.

"ఏ గేటు?"

గేటు లేదు. రెండు రాళ్ళ మధ్య గాలి తప్ప ఏమీ లేదు. నా కాళ్ళు నేల మీద ఉన్నాయి. నా చెయ్యి సీటు మీద ఉంది. ముందుకు నడవడానికి ఒక అడుగు అప్పటికే పడింది.

నేను దిగాలనుకోలేదు. కాళ్ళు దిగాయి.

అప్పుడు అర్థమైంది. అన్నయ్య ఆ గదిలో నన్ను చూసిన రోజున అర్థం కావలసినది, ఏడు నెలలు ఆలస్యంగా.

చిన్నప్పుడు నాన్న వెంట ఈ దారిన వచ్చేదాన్ని. ఇక్కడ గేటుకు దిగాలి. ఎక్కితే మళ్ళీ మధ్య గేటుకు దిగాలి. ఎక్కితే మళ్ళీ కింద గేటుకు దిగాలి. ఎక్కడం దిగడం ఎందుకు, నడిచెయ్యవే, అనేవాడు నాన్న. నడిచేవాళ్ళం. సైకిలు పక్కన నడిపించుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ. నాన్న పోయాక ఒక్కదాన్నే నడిచాను. ప్రతి ఏడూ నడిచాను. ముప్పై ఏళ్ళు.

నడిస్తే అది తేలిక. నడిస్తే అది కాళ్ళకు విశ్రాంతి.

నేను ఈ దిగుడు ఎప్పుడూ తొక్కలేదు. నేనే కాదు. గేట్లున్నంత కాలం ఎవరూ తిన్నగా తొక్కలేదు. ఇక్కడ దిగి, అక్కడ దిగి, బతికిపోయారు. ఆ గేట్ల మాట కొట్టేసింది నేను. స్కేలు పెట్టి.

"ఏమైందండీ?" అంటోంది ఆమె.

"మీరు ఇక్కడే ఉండండి," అన్నాను. "కాసేపాగి నడిచి రండి. సైకిలు ఎక్కకండి. దయచేసి ఎక్కకండి."

ఎక్కాను.

మొదట ఏమీ లేదు. వాలు మెత్తగా ఉంది. గాలి బాగుంది. బ్రేకు నొక్కాను, సైకిలు మాట విన్నది. మధ్య గేటు స్తంభాలు దగ్గరికి వచ్చాయి. పైనుంచి చూస్తే దారి అక్కడితో అయిపోయినట్టు ఉంటుంది. అక్కడే కొండ మోసం చేస్తుంది. స్తంభాలు దాటగానే నేల ముక్కు కిందికి వంచేసింది.

నొక్కాను. రెండు బ్రేకులూ. అరచేతులు నొప్పెట్టేలా. చక్రాల కింద చిన్న రాళ్ళు జారాయి. వేగం తగ్గలేదు. పెరిగింది. కాలిన రబ్బరు వాసన వచ్చింది. బ్రేకు కీచుమంది, తర్వాత గరగరమంది. కింద రాతిగోడ కనిపించింది — అది కదలకుండా ఉంది, నేనే దాని మీదికి పోతున్నాను. రెండు కాళ్ళూ నేలకు దించి ఈడ్చాను. చెప్పు ఊడిపోయింది. హ్యాండిల్ పక్కకు కొట్టాను. పొదల్లో పడ్డాను.

ఆకాశం తిరిగి ఆగింది.

మోకాలు చీరుకుపోయింది. మోచేతి నిండా మట్టి. గోడ ఇంకా యాభై అడుగుల దూరంలో ఉంది.

ఇది నాకు తెలిసిన కొండ. ఎండ ఉంది. నేల పొడిగా ఉంది. ఏం రాబోతోందో తెలిసే దిగాను. ఆయనకు అవేమీ లేవు. మంచు ఉంది. హ్యాండిల్‌కు నా చీటీ ఉంది. నా మాట నమ్మాడు.

ఆమె నడుచుకుంటూ వచ్చింది. నన్ను లేపబోయింది. నేనే లేచి కూర్చున్నాను. ఆమె కళ్ళు నా సైకిలు మీద పడ్డాయి. వంగింది. బ్రేకు దగ్గర వేలు పెట్టి చూసి, వెంటనే వెనక్కి తీసుకుంది. ఇంకా కాలుతోంది.

చెప్పాను.

ఒక్కటి కూడా మిగల్చకుండా చెప్పాను. కొత్త రబ్బర్లు. రెండుసార్లు వీధిలో తొక్కి చూసుకోవడం. నాలుగూ పొడైపోవడం. రిమ్ము మీద గాడి. చీటీలో కొట్టేసిన గేట్ల మాట. నడవడమే తప్ప నేనెప్పుడూ తొక్కని దిగుడు. మీ ఆయన పైనుంచి కింది దాకా బ్రేకు వదల్లేదమ్మా, అన్నాను. చేతిలో ఉన్నంత శక్తీ పెట్టి నొక్కాడు. మాట తప్పలేదు.

ఆమె దారి మధ్యలో కూర్చుంది.

"తప్పలేదా?" అంది.

"తప్పలేదు."

అప్పుడు ఏడ్చింది. పెద్దగా, దాచుకోకుండా, పిచ్చివాడా అని ఆయన్ను తిడుతూ, మళ్ళీ ఆయన్నే పిలుస్తూ ఏడ్చింది. ఏడు నెలలుగా రానిదంతా వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. భుజం మీద చెయ్యి వేసే అర్హత నాకు లేదు. వేయలేదు.

ఏడుపు ఆగింది. ముఖం తుడుచుకుంది. నన్ను చూసింది. ఈసారి చూపు వేరు.

"చిన్నపిల్లలు కూడా దిగుతారని పోలీసు కాగితంలో ఉంది, చెప్పింది మీరేనా?"

"నేనే."

"ఒక్కసారి కూడా దిగకుండానే."

"దిగకుండానే."

"రబ్బర్లు చూశాక?"

"చూశాక కూడా ఎవరికీ చెప్పలేదు."

గాలి వీచింది. పొదలు వంగి లేచాయి.

"ఇన్నాళ్ళూ ఆయన మీద కోపంతో లేచాను, ఆయన మీద కోపంతో పడుకున్నాను," అంది. "నా కూతురూ అంతే. ఆ కోపాన్ని ఇప్పుడేం చెయ్యమంటారు?"

నా మీద పెట్టుకోండి అనాలనుకున్నాను.

ఆమె సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. ఒక కాగితం చింపింది. పెన్ను తీసి రెండూ నా ఒడిలో పెట్టింది.

"రాయండి. మా అమ్మాయికి. నేను చెబితే నమ్మదు. నాన్నను వెనకేసుకొస్తున్నాననుకుంటుంది. మీరు రాయండి, రాయడం మీ పనే కదా."

ఆ చివరి మాటలో విషం ఉంది. ఉండాలి.

రాశాను. మోకాలి మీద కాగితం పెట్టుకుని. అమ్మా, మీ నాన్న నీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఆయన నెమ్మదిగానే వెళ్ళాలని చూశాడు. దిగుడంతా బ్రేకు నొక్కే ఉన్నాడు, అందుకు గుర్తు సైకిలు మీద ఉంది, మీ అమ్మ చూపిస్తుంది. దారి తేలిక అని రాసినది నేను. అది తేలిక కాదు. పోలీసులకు తప్పు చెప్పింది కూడా నేనే, రేపు వెళ్ళి ఆ మాట చెబుతాను. మీ నాన్న తప్పు ఇందులో ఒక్కటి కూడా లేదు.

అంతే రాయగలిగాను. ఏళ్ళ తరబడి చీటీలు రాసిన చెయ్యి. ఇంత చిన్న కాగితానికి అలిసిపోయింది.

ఆమె తీసుకుని చదివింది. రెండుసార్లు చదివింది. తిరిగి ఇచ్చింది.

"పేరు లేదు."

చీటీల మీద నేను పేరు వేయను. దారికి పేరెందుకు అనేదాన్ని. ఆమె చెయ్యి చాపే ఉంచింది. కింద నా పూర్తి పేరు రాశాను. ఊరు రాశాను. తేదీ రాశాను.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రవికలో దాచుకుంది. సైకిలు కోసం పైకి వెళ్ళలేదు. కిందికి నడిచింది. గోడ దగ్గర, మెలిక తిరిగేచోట ఆగింది. గోడ మీద చెయ్యి ఆనించింది. అలాగే ఉండిపోయింది.

ఈ కబురు సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. రేపటికి స్టేషన్లో తెలుస్తుంది. వదిన గదులు ఖాళీగా ఉంటాయి. అన్నయ్య ఏమంటాడో తెలియదు. ఏమీ అనకపోవచ్చు. అదే ఎక్కువ భయంగా ఉంది.

వెనక్కి పైకెక్కి, ఊబి పక్క నుంచి తిరిగి ఇల్లు చేరే దారి ఒకటుంది. రెండు గంటలు పడుతుంది. ఎవరూ ఎదురుపడరు. నాకు తెలుసు.

సైకిలు లేవనెత్తాను. ఊడిన చెప్పు తొడుక్కున్నాను. ఆమె ఉన్న వైపే దిగడం మొదలుపెట్టాను. ఆమె తల తిప్పి చూడలేదు.